పసుపు కడాయిలో టోపీ

"బాపూ, కడాయి దగ్గరికి రానా?"

"దూరం ఉండు బిడ్డా, కాలుతది," అన్నాడు భీమయ్య. పొలం గట్టున పెద్ద కడాయిలో పసుపు కొమ్ములు కుతకుతా ఉడుకుతున్నాయి.

అమృత దూరం ఉంటే కదా! బాపు కట్టెల కోసం అటు వెళ్లగానే సంచిలోంచి ఉన్ని టోపీ తీసి కడాయిలో పడేసింది. కర్రతో బాగా కలియబెట్టింది కూడా.

ఆ టోపీ పక్కింటి అక్తర్ బేగం ఇచ్చింది. అమృత ఆమెను నానమ్మ వరసన దాదీ అని పిలుస్తుంది. దాదీ గొర్రె ఉన్నిలో చెత్త ఏరి, వడికి, రంగేమీ వేయకుండా ఆ టోపీ అల్లింది. జొన్నగింజలు పరిచినట్టు పైనంతా ఉబ్బెత్తు అల్లిక. కానీ బడిలో రజిత చూసి, "గొర్రె తలకాయ అచ్చిందే!" అని నవ్వింది. అంతే, అమృత మళ్లీ దాన్ని పెట్టుకోలేదు. పసుపు రంగు పట్టిస్తే రజిత నోరు మూతపడుతుందని ఈ ఘనకార్యం తలపెట్టింది.

కర్రతో పైకి తీసి చూసింది. రంగు బాగానే పట్టింది. టోపీ మాత్రం ముడుచుకుపోయి, అట్టలా గట్టిపడి, కొబ్బరిచిప్పంత అయింది. లాగింది, సాగదీసింది. ఊహూ!

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఇంటికి రాగానే దాదీ ఎదురైంది.

"టోపీ పెట్టుకుంటలేవేంది బేటీ? బిగుతైందా? ఇప్పదీసి మళ్ల అల్లుత, తే."

బడిలో మరిచిపోయానని చెబుదామనుకుంది అమృత. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కీళ్ల దగ్గర వాచిన దాదీ వేళ్లు చూశాక నోరు రాలేదు.

"దాదీ... ఉడకబెట్టిన."

"ఏంది?"

"టోపీని. పసుపు కడాయిల."

అమృత తీసిచ్చిన టోపీని దాదీ అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఉన్నిని ఎవలన్న ఉడకబెడుతరా పిచ్చిదానా!" అని నవ్వింది. నవ్వింది గానీ, అణిగిపోయిన గింజల మీద వేలితో మళ్లీ మళ్లీ రాసింది. అంతకంటే నాలుగు తిడితే నయమనిపించింది అమృతకు.

"సగం ఉన్ని ఉండనే మిగిలింది. ఇంకో టోపీకి సాలది," అంది దాదీ.

"నాకు వద్దు దాదీ. నాకు అల్లిక నేర్పు."

మరుసటి రోజు నుంచి బడి విడవగానే దాదీ అరుగు మీదే అమృత కాపురం. "ఒకటి సీదా, ఒకటి ఉల్టా. పై వరుసల మార్చాలె, గప్పుడే గింజ లేస్తది," అనేది దాదీ. అమృత చేతిలో గింజ లేవడం అటుంచి, కుట్టే నిలిచేది కాదు. ఒకటి జారితే కింది వరుసలు కూడా జర్రున ఊడేవి. బెత్తెడు అల్లేసరికి మెడ పట్టేసింది. ఇన్ని కుట్లు దాదీ తన కోసం వేసిందా అనుకుంటే సిగ్గేసింది.

అల్లింది ఊడదీస్తూ, ఊడింది అల్లుతూ చివరికి ఒక మఫ్లర్ పూర్తి చేసింది. ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. అప్పటికి చలి ఎప్పుడో పోయింది. ఎండలు మండిపోతున్నాయి.

"నీకే దాదీ," అంటూ ఒళ్లో పెట్టింది.

దాదీ అప్పటికప్పుడే మెడకు చుట్టుకుంది. ఒక్క చుట్టుకే సరిపోయింది. అటు పోతున్న రజిత ఆగి, "గీ ఎండల మఫ్లరేంది దాదీ?" అని అడిగింది.

"నా మనవరాలు అల్లింది. మస్తుగుంది, సూడు!" అంది దాదీ. నుదుటి మీంచి చెమట కారుతోంది.

"తియ్యి దాదీ, ఉడుకపోస్తది," అంది అమృత.

"జరసేపు ఉండనియ్యి."

అమృత కళ్లలో నీళ్లు తిరిగాయి. రజిత ముందే, గట్టిగా చెప్పింది: "దాదీ, నువ్విచ్చిన టోపీ మస్తు మంచిగుండె. గప్పుడే చెప్పాలె, చెప్పలే."

దాదీ ఆమె తల నిమిరింది. అమృత లోపలికి వెళ్లి విసనకర్ర తెచ్చి, దాదీ పక్కన కూర్చుని విసరసాగింది. చెయ్యి నొప్పి పుట్టినా ఆపలేదు.