గడప దాటిన నిప్పు

మా అత్త ఎమ్మట్‌కి నోరెక్కువ. నాకూ తక్కువేం కాదు. ఆ క్రిస్మస్‌కి మాత్రం ఇద్దరం పోట్లాటలు కట్టిపెట్టాం, ఇంట్లో చంటిపిల్ల ఉంది కదా అని. మా సిబ్లీకి అది మొదటి పండగ.

మా ఆయన హేమో, వాళ్ళన్న కలిసి దొరగారి అడవి నుంచి పండగ మొద్దు ఈడ్చుకొచ్చారు. నిరుడు కాలగా మిగిలిన ముక్కని మంచం కింద దాచాం. దాంతోనే పొయ్యిలో కొత్తదాన్ని అంటించాం, మీద ఇంత బీరు పోశాం. ఇల్లంతా తడికర్ర వాసన, మాడిన బీరు వాసన. ఇక పండగ రోజులు ముగిసేదాకా ఆ మొద్దు ఆరకూడదు. ఇంట్లో నిప్పు గడప దాటకూడదు.

"దాటితే ఏమవుతుందట?" అన్నాను, అత్తని ఆటపట్టిస్తూ.

"ఇంట్లో ఒకరు దాని వెంట పోతారు. నోర్మూసుకుని పిల్లకి పాలియ్యి," అంది.

యార్క్ పట్నానికి ఎగువన మా కొండల్లో చలికాలం మధ్యాహ్నం దాటగానే పొద్దు గుంకుతుంది. హేమో దొరగారింటి విందుకి పోయాడు, మా వాటా రొట్టె, మాంసం తేవడానికి. అత్త కునుకు తీస్తోంది. బయట మంచు పడుతూనే ఉంది. ఎక్కడా చప్పుడు లేదు. అప్పుడు తలుపుని ఎవరో గోళ్ళతో గీరినట్టయింది...

"వదినా... నేను, గోడిత్‌ని."

వాగు అవతలి గోడిత్. మొగుడు పోయాడు, ఇంట్లో చంటిది ఉంది. తలుపు తీశాను. జుట్టంతా మంచే.

"పొయ్యి ఆరిపోయింది వదినా. పిల్ల చల్లబడిపోతోంది. ఒక్క నిప్పు కణిక పెట్టు."

పిల్ల అనేసరికి నా మనసు ఆగలేదు. వెనక్కి చూశాను, అత్త గురక పెడుతోంది. పటకారుతో ఓ కణిక తీసుకొచ్చి, "ఉండు, కుండ తెస్తా," అన్నాను.

గోడిత్ అరచెయ్యి చాపింది. పటకారు జారి కణిక అందులో పడింది. చుర్రుమనలేదు. కాలిన వాసన రాలేదు. ఆమె గుప్పిట మూసుకుని వెళ్ళిపోయింది. మంచు మీద అడుగులు పడ్డాయో లేదో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

హేమో పాలిపోయిన మొహంతో వచ్చాడు.

"గోడిత్, ఆ పిల్ల... ఇద్దరూ గడ్డకట్టుకుపోయారే. ఎప్పుడు పోయారో ఏమో. పూడ్చుదామంటే నేల తవ్వే వీల్లేదు, అన్నా నేనూ తలుపు మూసి వచ్చేశాం."

నేను నోరు తెరిచేలోపే పొయ్యిలో చిటుక్కుమంది. మొద్దు నల్లబడింది. ఊదాం. గడ్డి వేశాం. చెకుముకి కొట్టి కొట్టి హేమో వేళ్ళు చీరుకుపోయాయి. రవ్వ పడుతోంది... అంటుకోవడం లేదు.

అత్త లేచి నా మొహంలోకి చూసింది. "ఇచ్చావా?"

తలూపాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గోడకి ఆనుకుని కూలబడింది. అమ్మో, అప్పుడు పట్టుకుంది నాకు భయం.

సిబ్లీ పెదాలు నీలం తిరుగుతున్నాయి. గుండెకి హత్తుకున్నా, ఉన్న బట్టలన్నీ చుట్టినా, ఆ ఒళ్ళు వేడెక్కదు. హేమో ఊరంతా తిరిగాడు. పండగ రోజుల్లో నిప్పు ఎవరిస్తారు? మొద్దు ఆరిన ఇంటి పిల్లని లోపలికి ఎవరు రానిస్తారు? సొంత అన్నే తలుపు తీయలేదట. "మాకూ పిల్లలున్నార్రా తమ్ముడూ," అని లోపల్నుంచే ఏడ్చాడట. వాళ్ళని ఏమనను? నేనైనా తీసేదాన్ని కాదు.

బయటికొచ్చి చూశాను. వాగు అవతల, వీళ్ళు మూసి వచ్చిన ఆ ఇంటి కప్పులోంచి పొగ లేస్తోంది.

పిల్లని ఎత్తుకుని పరుగెత్తాను. హేమో వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు.

తలుపు సందుల్లోంచి ఎర్రటి వెలుగు. లోపల ఎవరో జోల పాడుతున్నారు...

"గోడిత్... తల్లీ... నీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్క కణిక."

జోల ఆగింది.

"పండగ రోజుల్లో నిప్పు గడప దాటకూడదు కదా వదినా," అంది మెల్లగా. "పిల్లని ఇలా ఇవ్వు. ఇక్కడ వెచ్చగా ఉంది."

తలుపు కొద్దిగా తెరుచుకుంది. వెనక్కి జరగాలనుకున్నాను. ఆ వెచ్చదనం మొహానికి తగిలి ఆగిపోయాను.

అంతసేపూ కట్టెలా బిగుసుకుపోయిన నా సిబ్లీ కళ్ళు తెరిచింది. లోపలికి చూసి, తెలిసినవాళ్ళెవరో పిలిచినట్టు నవ్వి, రెండు చేతులూ చాపింది.