ఊపిరిని ఊడ్చేసిన ఇంజనీరు

"ఊపిరేదండీ?"

రేడియో స్టేషన్ ఎడిటింగ్ గదిలోకి సుడిగాలిలా దూసుకొచ్చి అడిగింది అనౌన్సరమ్మాయి.

"ఎవరిదండీ?" అన్నాడు సౌండ్ ఇంజనీరు బుద్ధిగా. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆమె కార్యక్రమానికే డ్యూటీ అడిగి మరీ వేయించుకుంటున్నాడు.

"వేణువు వాయించినాయనది! నిన్న మీకిచ్చిన రికార్డింగులో ఉంది. ఇవాళ లేదు."

"ఓ, ఆ బుస్సుమనే శబ్దమా? కూర్చుని శుభ్రంగా తీసేశాను." శభాష్ అంటుందేమోనని చూశాడు. వాళ్లింట్లో మొదటి డిగ్రీ అతనిదే. అప్పగించిన పనిని నూటికి నూరుపాళ్లు చేయడం తప్ప మరోటి తెలియదు.

ఆమె తల పట్టుకుంది. "అది పర్షియన్ నేయ్ అండీ. రెల్లు వేణువు. పళ్ల మధ్య పెట్టుకుని వాయిస్తారు. ఆ గాలి కూడా సంగీతమే. ఇల్లు ఊడ్చమంటే ఇంట్లోవాళ్లని కూడా ఊడ్చి పారేశారు!"

"అసలుది దాచానండీ. దేన్నీ పారేసే అలవాటు లేదు నాకు."

"అయితే వినండి." హెడ్‌ఫోన్స్ తీసి అతని చెవులకు తగిలించింది.

ముందు బుస్సుమంది. ఆ గాలిలోంచే ఒక స్వరం, మంచులోంచి మనిషి నడిచొచ్చినట్టు, మెల్లగా రూపు కట్టింది. పైస్థాయికి వెళ్లేముందు వాయించేవాడు గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. ఇంజనీరు కూడా తెలియకుండానే పీల్చాడు. అది చూసి ఆమె ఫక్కున నవ్వింది. కిటికీ అద్దం మీద వాన జారుతోంది. అతను చూస్తున్నది మాత్రం అద్దాన్ని కాదు.

"ఇదే ప్రసారం చేద్దామండీ."

"స్టేషన్ చీఫ్ ఒప్పుకోరు. ఇవాళ శ్రోతలు పెదవి విరిస్తే నా కార్యక్రమం ఎత్తేస్తామన్నారు."

"ఊపిరి తీసేసిందాన్ని వేస్తే ఎలాగూ బతకదు కదా! చీఫ్‌తో నేను మాట్లాడతాను."

మాట్లాడాడు కూడా. "ఫోన్లొస్తే తిట్లు నువ్వే తినాలి" అన్నాడు చీఫ్.

ప్రసారం మొదలైందో లేదో, ఫోన్ మోగింది.

"ఏం బాబూ, మీ మైకుకి ఉబ్బసమా?" అవతల ఓ పెద్దాయన.

"కాదండీ, వాయించేవారి ఊపిరి. పొద్దున దాకా నేనూ జబ్బే అనుకున్నాను. కాసేపు కళ్లు మూసుకుని వినండి. నచ్చకపోతే నన్ను తిట్టండి, ఆ అమ్మాయిని కాదు."

ఇద్దరి మధ్యా వేణువు ఒక్కటే పలికింది.

"బాగుందయ్యా," అన్నాడు పెద్దాయన చివరికి. "అవునూ, ఆ అమ్మాయంటే అంత ఇదేమిటి నీకు?"

అబద్ధం అతనికి చేతకాదు. "ఇష్టమండీ. ప్రోగ్రాం అవగానే చెబుతాను."

"చెప్పు. ఒప్పుకుంటే ఆదివారం ఇంటికి రా. నేను దాని నాన్నని."

ఆ తర్వాతి ఫోన్లన్నీ మళ్లీ ఎప్పుడు వేస్తారనే. చీఫ్ గొంతు సవరించుకుని, వచ్చేవారం కూడా వేయమన్నాడు.

స్టూడియో తలుపు తెరుచుకుంది. "ఎవరైనా తిట్టారా?" ఆమె ఆత్రంగా అడిగింది.

"లేదండీ. మీ నాన్నగారు ఆదివారం ఇంటికి రమ్మన్నారు."

"ఎందుకూ?"

"మీరంటే నాకిష్టమని చెప్పానండీ."

"నాకు చెప్పకుండా ముందు మా నాన్నకా!" ఆమె కళ్లు పెద్దవి చేసింది. అయినా పెదవి చివర నవ్వు దాగలేదు. "మధ్యాహ్నం రండి. ఆదివారం పొద్దున మా నాన్న మంచం దిగరు."