రిబ్బన్ కింద కోరలు

"మీ బావ చావు అమ్ముతున్నాడు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. బావ ప్రొటీన్ మోడలర్, కంప్యూటర్లో ప్రొటీన్ల నమూనాలు కట్టేవాడు. ఊపిరి ఆపేసే ఓ విషప్రొటీన్‌ని, ఏ విరుగుడూ అంటుకోకుండా కంప్యూటర్లో మలిచాడట. ఆ డిజైన్ ఈ మధ్యాహ్నం హోటల్ సూట్‌లో విదేశీ ముఠా చేతికి వెళుతుంది. వెళ్ళిందంటే ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టుకుపోతాయి.

"ఎవరు చెప్పారు సార్?"

"మీ అక్క. ఇద్దరిదీ ఒకే ల్యాబ్ కదా. ఈ పెన్‌డ్రైవ్‌లో అదే ప్రొటీన్ ఉంది, విషమెక్కించే రెండు కోరలూ పీకేసి. దీన్ని అక్కడ మార్చెయ్. ముఠావాడు తీసుకోగానే పట్టేద్దాం. లోపల మన మనిషి ఒకరున్నారు. కోడ్ వర్డ్: ఫిల్టర్."

మధ్యాహ్నం హోటల్ గదిలో ఏజెంట్‌ది ఏసీ మెకానిక్ వేషం, ముక్కు మీదుగా మాస్క్. కొత్త కోటులో చెమటలు కక్కుతున్న బావ, ల్యాప్‌టాప్ పక్కన పెన్‌డ్రైవ్ పడేసి, పళ్ళికిలిస్తూ ముఠావాడికి గుమ్మం దాకా ఎదురెళ్ళాడు. ఆ సందులో ఏజెంట్ పని కానిచ్చేసి నిచ్చెనెక్కాడు.

తెర మీద ప్రొటీన్ గులాబీ రంగు రిబ్బన్‌లా మెలికలు తిరుగుతూ వెలిగింది. "ఆ షాడోలు చూడండి సార్! ఎంత కష్టపడ్డానో!"

ఛీ! జనాన్ని చంపేదానికి సింగారమొకటి! బావకెప్పుడూ ఇదే జబ్బు. బొమ్మ అందంగా ఉండాలని అణువులన్నీ దాచేసి ఉత్త రిబ్బనే చూపిస్తాడు. కోరలు పీకేసింది ఆ అణువుల్లోనేనని ఆ మహానుభావుడికి తెలిస్తేగా!

"రిబ్బన్ వద్దు. అణువులు చూపించు," అన్నాడు ముఠావాడు.

ఏజెంట్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

ముఠా తెచ్చుకున్న ఎక్స్‌పర్ట్, నల్ల గౌన్ సుందరి, మౌస్ అందుకుని క్లిక్ చేసింది. తెర నిండా అణువులు. కోరలుండాల్సిన రెండు చోట్లా బోసి. బావ చూస్తే కదా, సిగ్గులేని చూపులు ఆమె మెడ మీదే ఉన్నాయి.

ఆమె చాలాసేపు చూసింది. "పర్ఫెక్ట్," అంది. తర్వాత నిచ్చెన వైపు తలెత్తింది. "ఏంటయ్యా ఈ ఉక్క? ఫిల్టర్ మార్చావా లేదా?"

ఏజెంట్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. "మార్చానమ్మా."

ముఠావాడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు. మరుక్షణం తలుపులు బద్దలయ్యాయి.

బేడీలు పడ్డాక గానీ బావ కళ్ళు తెర మీది బోసి చోట్ల మీద పడలేదు. మాస్క్ తీసిన ఏజెంట్ మొహం చూసి కూలబడ్డాడు. "ఒరేయ్, నీ కాళ్ళు పట్టుకుంటా. నా ఫైలులో తప్పుందని మాత్రం ఎవరికీ తెలీనివ్వకురా. పరువు పోతుంది!"

ఇంకా పరువట! ఏజెంట్‌కి ఉమ్మేయాలనిపించింది.

"అది తప్పు కాదు బావా, అక్క దిద్దింది," అన్నాడు. "మీ ఫైళ్ళన్నీ ఎప్పుడూ ఆవిడే కదా దిద్దేది!"