మామగారి రాతప్రతి

మా ఊరు వెల్బిట్సాలో యూదుల ప్రార్థనామందిరం తాళంచెవి మా తాత గెట్జెల్ దగ్గరుండేది. అయినా తెల్లవారుజామున ఆయన నేరుగా తలుపు తీసేవాడు కాదు. ముందు మూడుసార్లు తట్టి, కాసేపు ఆగి, అప్పుడు తీసేవాడు. చచ్చిపోయినవాళ్ళు రాత్రిళ్ళు అందులో ప్రార్థన చేసుకుంటారు... వాళ్ళు లేచి వెళ్ళడానికి వ్యవధి ఇవ్వాలి. తట్టకుండా వెళ్తే ఏం కనబడుతుందో పరీక్షించే మొనగాడు మా ఊళ్ళో పుట్టలేదు.

ఒక్కడు మాత్రం వెళ్ళాడు. ధైర్యంతో కాదు... తప్పు చేసిన కంగారులో. మా తాత చెప్పిందే చెబుతున్నాను, నేను ఒక్క ముక్కా కలపలేదు.

అతని పేరు కల్మన్. మా రబ్బీ, అంటే మా మతగురువు, ఫైవిష్ గారి అల్లుడు, శిష్యుడు కూడా. ఫైవిష్ గారు నలభై ఏళ్ళపాటు ప్రసంగాలు రాసుకున్నారు. మహా సిగ్గరి, ఒక్కటీ వేదికెక్కి చెప్పలేదు. అంతా ఆయన చేతిరాతే, మరో నకలు లేదు. పోయేముందు ఆ ప్రతిని అల్లుడి చేతిలో పెట్టి, అచ్చు వేయించు నాయనా అన్నారు. అంతే అడిగారు.

ఆయన స్థానంలోకొచ్చిన కల్మన్ ఒక శనివారం ప్రార్థనలో చెప్పడానికేమీ తోచక అందులోంచి ఒక ప్రసంగం చెప్పాడు. మామగారి పేరెత్తడం మర్చిపోయాడు. జనం తలలూపారు. రెండో శనివారం మర్చిపోలేదు — కావాలనే ఎత్తలేదు. అలా మూడేళ్ళు. ఇంత పండితుడు ఈ చుట్టుపక్కల లేడని పేరు పాకి, పెద్ద పట్టణంవాళ్ళు తమకి రబ్బీగా రమ్మని కబురు పెట్టారు.

నాన్న పుస్తకం అచ్చుకి ఎప్పుడిస్తారని భార్య ఫ్రూమెట్ వారం వారం అడిగేది. అచ్చయిన రోజే తన దొంగతనం బయటపడుతుంది. అదీ కల్మన్ బాధ.

దేవుడి పేరున్న కాగితం ఎంత చిరిగినా మేం కాల్చం, పారేయం. మందిరంలో సంచుల్లో పోగేసి, ఏడాదికోసారి శ్మశానంలో పాతిపెడతాం. ఆ ఏడు పాతబోయే ముందురోజు సాయంత్రం, ఒక సంచి అడుగున కల్మన్ ఆ ప్రతిని దూర్చేశాడు.

ఇంటికొచ్చి పడుకుంటే కన్ను మూతపడితేనా... మామగారిని రెండోసారి పాతిపెడుతున్నట్టుంది. ఇంకా తెల్లవారకముందే లేచి, మా తాతని లేపకుండా ఆయనింటి గోడకి వేలాడే తాళంచెవి తీసుకుని మందిరానికి పరిగెత్తాడు.

తలుపు తట్టలేదు.

లోపల చీకటి. దీపం ఒక్కటే మినుకుమంటోంది. సంచి కోసం తడుముతుంటే... కాగితం తిప్పిన చప్పుడు.

వేదిక దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. తెల్లటి అంగీ — పాతిపెట్టేటప్పుడు మామగారికి తొడిగినదే. ఎదురుగా ఆ ప్రతి తెరిచి ఉంది. వేలు అక్షరాల వెంట నెమ్మదిగా జరుగుతోంది... పెదాలు మాత్రం కదలట్లేదు. కుట్టేసినట్టున్నాయి.

పోయినవాడి మాటని అతని పేరు పెట్టి ఎవరైనా చెబితే, సమాధిలో అతని పెదాలు కదులుతాయని మా నమ్మకం. ఈ మూడేళ్ళలో ఎవరు చెప్పారు? చెప్పాల్సినవాడు ఒక్కడే.

"మా మామగారు... రబ్బీ ఫైవిష్ గారు చెప్పినట్టు..." అని గుసగుసగా మొదలుపెట్టాడు. ఏడుస్తూనే మొదటి ప్రసంగమంతా అప్పజెప్పాడు.

పెదాలు... కదిలాయి.

తాళంచెవి కనబడక మా తాత పరిగెత్తుకొచ్చాడు. తీసి ఉన్న తలుపునే మూడుసార్లు తట్టి మరీ లోపలికెళ్ళాడు. కల్మన్ నేల మీద పడి ఉన్నాడు, ప్రతిని గుండెకి హత్తుకుని.

ఆ శనివారం వేదికెక్కి, ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ మామగారివేనని అందరిముందూ ఒప్పుకున్నాడు. జనం ఏమన్నారో తెలుసా? ఎంత వినయమో చూడండి అన్నారు. ప్రతి తెరిచి చూపించబోతే చూడనక్కర్లేదన్నారు, గురువంటే అంత భక్తి ఉండాలన్నారు. పట్టణంవాళ్ళు ఇంకా గట్టిగా పట్టుబట్టారు. అతను వెళ్ళలేదు. ప్రతి పట్టుకుని అచ్చువాళ్ళ చుట్టూ తిరిగాడు. ఫైవిష్ ఎవరికి తెలుసు, కల్మన్ పేరైతే వేస్తాం అన్నారు వాళ్ళు. ఆ రాతలు ఈనాటికీ అచ్చు కాలేదు.

ముసలితనంలో ఒకరోజు మా తాత అతన్ని అడిగేశాడు.

"పెదాలు కదిలాయన్నారు కదా అయ్యా... ఏమన్నారాయన? తిట్టారా?"

కల్మన్ ఆ ప్రతిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"తిడితే బతికిపోయేవాణ్ణి గెట్జెల్. ఆ ప్రతిలోదే చదివారు. ప్రతి వాక్యానికీ ముందు ఒకటే మాట..." అన్నాడు కల్మన్. "'మా అల్లుడు కల్మన్ చెప్పినట్టు' అని."