మంచు గుహలో నీలాల పెట్టె

తండ్రి సత్తిరాజు పాత స్వెట్టరు కుట్లు విప్పితే అరవిందకు పటం దొరికింది. ముప్పై ఏళ్ల కిందట నీలాల వేటకు హిమాలయాలకు వెళ్లిన బృందంలో ఆయనా ఉన్నాడు. మంచు తుఫానులో నీలాల పెట్టెను గుహలో దాచి వచ్చానంటే ఒక్కరూ నమ్మలేదు. దొంగ అన్నారు. సొంత తమ్ముడు గవర్రాజూ అదే అన్నాడు, అన్న పోతే పాడె పట్టడానికైనా రాలేదు. అందుకే అరవింద పట్టుబట్టి ఈ బాబాయినే వెంటబెట్టుకొచ్చింది. ఆమెకు నీలాలు అక్కర్లేదు. ఆ పెట్టెను బాబాయి కళ్లారా చూడాలి, అంతే!

కానీ ఆయన్ని మంచునది మీదికి బయలుదేరదీసేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఎండెక్కితే మంచు మెత్తబడుతుందని దారి చూపే తాషీ తెల్లారకముందే వచ్చి కూర్చున్నాడు. గవర్రాజేమో పంచెతోనే వస్తానన్నాడు. ప్యాంటు తొడిగిస్తే మఫ్లరు పోయిందని గుడారమంతా వెతికించాడు. అది ఆయన మెడలోనే ఉంది! సంచి బరువేమిటా అని చూస్తే అడుగున ఆవకాయ జాడీ.

"ఓరి దేవుడా! ఇదెందుకు బాబాయ్?"

"కారం తగలకపోతే నోరు చచ్చిపోద్దే అమ్మాయ్!"

తాషీ జాడీ తీసి పక్కన పెట్టాడు. బూట్లకు ఇనుప ముళ్ల పట్టీలు బిగించి, ముగ్గురి నడుములకూ ఒకే తాడు కట్టాడు. మంచు మీద ఉన్నంతసేపూ ముళ్లు విప్పకూడదని హిందీలో మూడుసార్లు చెప్పాడు. అరవింద తెలుగులో ఆరుసార్లు చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"తెలుసులేవే, పద పద!" అన్నాడు గవర్రాజు.

ఎండెక్కాక, ఎనిమిదిన్నరకు గుహ చేరారు. రాతి గోడలు, కింద నున్నటి మంచు, ఒక పక్క అడుగు కనిపించని బీట. పటంలో గుర్తున్న మూలన గొడ్డలితో కొట్టగా కొట్టగా చిన్న ఇనుప పెట్టె బయటపడింది. దాని మీద బృందం వేసిన లక్క ముద్ర చెక్కుచెదరలేదు.

"బాబాయ్, చూడండి!" అరవింద గిర్రున తిరిగింది.

గవర్రాజు బూట్లు విప్పి, గుమ్మంలో బుద్ధిగా పక్కపక్కన పెట్టి, మేజోళ్లతో వస్తున్నాడు. కప్పు నుంచి కారిన నీరు ఎదురుగా లింగంలా గడ్డకట్టి ఉంది మరి.

"అయ్యో నా ఖర్మ! ముళ్లు!"

"శివయ్య ముందు బూట్లేంటే..." అంటూనే జర్రున జారి బీటలో పడ్డాడు. తాడు అరవిందను ఈడ్చేసింది.

"రెండు చేతులతో లాగు!" తాషీ గొడ్డలి మంచులో దిగగొట్టి కేకేశాడు.

చేతిలో పెట్టె ఉంది. ఒక్క క్షణం దాన్ని చూసి వదిలేసింది. అది జారి, బీట అంచున వేలాడుతున్న గవర్రాజు ముక్కు ముందు ఆగి, లోపలికి దొర్లిపోయింది.

ఇద్దరూ ఆయన్ని పైకి లాగేసరికి మంచు కరిగి కప్పు నుంచి నీళ్లు కారుతున్నాయి. పరుగెత్తమంటున్నాడు తాషీ. అరవింద ఏడుస్తూ, తిడుతూ బాబాయి కాళ్లకు బూట్లు తొడుగుతోంది. ఉన్న ఒక్క సాక్ష్యమూ పోయింది.

"ముద్ర అలాగే ఉందే," అన్నాడు గవర్రాజు. "ఎవడూ ముట్టుకోలేదు. మా అన్నయ్య దొంగ కాదే..."

అరవింద చేతులు ఆగిపోయాయి.

"ఆ మాటకి ముప్పై ఏళ్లు పట్టిందా బాబాయ్!" అంది. "ఊరెళ్లాక అందరికీ చెబుదురుగాని. ముందు రెండో కాలు ఇటు చాపండి."