బొంబాయి గాలం

రాజేశ్వరి నాతో మాట్లాడిన మొదటి మాట: "కండ్లు బొంబాయిల్నే పెట్టొచ్చినవా?"

తప్పు నాదే. కాదని నేను ఏనాడూ అనలేదు. ఆమె ముందర అనే ధైర్యం కూడా లేదు.

బొంబాయి మిల్లుల్లో సమ్మె మొదలై ఏడాది దాటాక, ఇక అక్కడ తిండి దొరకదని తెలిసి కొత్తవాడకు తిరిగొచ్చాను. బొంబాయి నుంచి వచ్చేవాళ్ళు ట్రాన్సిస్టరో, టెరిలిన్ చొక్కానో తెస్తారు. నేను పదకొండడుగుల గాలం కర్ర తెచ్చాను. మిల్లులో నా పక్కన పనిచేసిన డిసౌజా ఇచ్చాడు. ఆదివారాలు సముద్రం ఒడ్డున నిలబెట్టి అలల అవతలికి ఎలా విసరాలో నేర్పింది కూడా అతనే. ఫైబర్ కర్ర, రెండు ముక్కలు. ఒకదాంట్లో ఒకటి దూర్చి, అడుగున రీలు బిగించి, కర్ర పొడుగునా ఉన్న రింగుల్లోంచి నైలాన్ దారం ఎక్కించి, కొసన సీసం గుండు కట్టాలి.

కొత్తవాడలో అలలెక్కడివి? చెయ్యి ఊరుకోక వాడ వెనక ఖాళీ జాగాలో విసిరాను. విసిరేముందు కొక్కెం తీసెయ్యాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. గుండు గాలిలో చక్కగా పోయింది. పోయి, దండెం మీద ఆరేసిన ఎర్రరంగు నూలు కట్టల్లో, అంటే చిలపల్లో, పడింది. నేను తిప్పి లాగేసరికి దండెం, చిలపలు అన్నీ బురదలో ఉన్నాయి.

"సారీ అండి," అన్నాను.

"నీ సారీతోటి బురద పోతదా?"

"నేను ఉతికిస్త."

"ఉతికితె రంగు గూడ పోతది. నువ్వు సాలోల్ల పిలగానివేనా అసలు?"

ఆ నూలు ఆమె తండ్రి నర్సింగంది. జంపఖానాలు నేయడంలో మా వాడలో ఆయన తర్వాతే ఎవరైనా. కోపంలోనూ అంతే. ఆయనా గాలం వేస్తాడు, వెదురు కర్రతో. అందుకని నా కర్రను చూస్తే ఆయనకు రెండింతల మంట.

"గాలమంటె గిట్లుంటదా? కరెంటు స్తంభం లెక్కున్నది. మళ్ల ఈ కట్టె పట్టుకొని నా ఇంటి దిక్కు వచ్చినవంటె ఇరగ్గొడ్త," అన్నాడు.

కట్టె పట్టుకొని వెళ్ళలేదు. ఉత్త చేతులతో ఆ ఇంటి దగ్గరి నల్లా దాకా వెళ్ళాను. బిందె పెట్టుకొని నిలబడ్డ రాజేశ్వరి నన్ను చూసి, "ఇయ్యాల ఏం పడ్డయి గాలానికి? లుంగీలా, చీరెలా?" అంది.

ఆ మాటకు కోపం రావాలి. రాలేదు. మరునాడు అదే వేళకు మళ్ళీ అక్కడే ఉన్నాను. నెల తిరిగేసరికి ఆమె వెక్కిరించని రోజు నాకు అన్నం సయించడం మానేసింది. ప్రేమ అంటే ఇదేనని నాకు తెలుసు. చెప్పడమే తెలియలేదు.

అమావాస్య నాడు మా వాడలో ఎవరూ మగ్గం గుంటలో దిగరు. ఆ రోజు నర్సింగం పొద్దున్నే సైకిలెక్కి మడికొండ అవతలి చెరువుకు పోతాడు. మధ్యాహ్నం బస్సులో రాజేశ్వరి సద్ది తీసుకెళ్తుంది. ఈ సంగతి తెలిశాక నేనూ నా కర్ర తీసుకొని ఆ చెరువు కట్టకు చేరాను. చేపల కోసమేనని ఎవరైనా అనుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

రాత్రంతా పైన ఎక్కడో వాన పడ్డట్టుంది. చెరువు నిండి అలుగు, మా మాటలో మత్తడి, దూకుతోంది. ఆ నీళ్ళకు చేపలు ఎదురెక్కుతాయి. అందుకే నర్సింగం మత్తడి కింద, కాలువ మధ్యలో ఉన్న పెద్ద బండ మీదికి పోయి నిలబడ్డాడు. ఆయన పోయినప్పుడు నీళ్ళు మోకాళ్ళ దాకే ఉన్నాయి. ఒంటిగంటకల్లా ఎర్రటి నీళ్ళు కాలువ రెండంచులూ ఒరుసుకుంటూ పారుతున్నాయి. బండ మంచమంత మిగిలింది. వెదురు కర్ర ఎప్పుడో కొట్టుకుపోయింది.

ఆయనకు ఈత రాదు.

చేపలు పట్టే సాంబయ్య తన మోకు తెచ్చి, ఉండలా చుట్టి విసిరాడు. ఇరవై గజాల్లో పడింది. బండ నలభై గజాల దూరంలో ఉంది. ఒకతను ఫైరింజనుకు ఫోన్ చెయ్యడానికి సైకిల్ మీద పోయాడు. అది హనుమకొండ నుంచి రావాలి. వచ్చేదాకా ఆ బండ ఉంటుందా అన్న మాట ఎవరూ పైకి అనలేదు.

అప్పుడు వచ్చింది రాజేశ్వరి, చేతిలో సద్ది గిన్నెతో. కాలువ దిక్కు చూసింది. గిన్నె కింద పెట్టి సూటిగా నా దగ్గరికి వచ్చింది.

"నీ గాలం ఆ బండ దాక పోతదా?"

"పోతది. కని ఆ దారానికి మనిషి ఆగడు."

"మనిషెందుకు? మోకును గుంజుకుంటె చాలదా?"

నాకు తట్టనిది ఆమెకు తట్టింది. నైలాన్ దారం ఆయన చేతికి అందితే, దానికి ఈ కొసన సాంబయ్య సన్నటి వల తాడు కట్టొచ్చు. వల తాడుకు మోకు కట్టొచ్చు. ఆయన ఒకదాని తర్వాత ఒకటి లాక్కోవాలి.

కర్ర ముక్కలు బిగించాను. ఈసారి కొక్కెం కోసి పారేశాను. రీలు మీద దారాన్ని ఆపే తీగను మడిచి, దారాన్ని చూపుడువేలికి ఆనించి పట్టుకున్నాను. గుండు తల మీదికి వచ్చే వేళకు వేలు వదలాలి. ముందే వదిలితే ఆకాశంలోకి పోతుంది. ఆలస్యమైతే కాళ్ళ ముందు పడుతుంది. డిసౌజా ముందర వందసార్లు విసిరాను. అప్పుడు తప్పితే నవ్వేవాడు, అంతే.

విసిరాను. దారం జుయ్యిమని పోయింది. గుండు బండ దాటి నీళ్ళలో పడింది. దారం సరిగ్గా నర్సింగం భుజం మీద వాలింది.

ఒడ్డు మీద అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

పొద్దస్తమానం మగ్గం మీద బతికే మనిషికి ఒంటి మీద పోగు కనబడితే చెయ్యి ఊరుకోదు. నర్సింగం కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. భుజం మీది దారాన్ని చేత్తో తీశాడు. రోజుకు పదిసార్లు చేసే పనే చేశాడు. పళ్ళతో పుటుక్కున కొరికి అవతల పారేశాడు.

"నాయిన కొరికిండు," అంది రాజేశ్వరి.

నా కర్ర తేలికైపోయింది. గుండు పోయింది. నా దగ్గర ఉన్న గుండు అదొక్కటే.

"బరువుండేది ఏదన్న ఉందా? చేతిల పట్టేంత?" అని అరిచాను.

కట్ట మీద చాయ్ డబ్బా కొట్టు నడిపే యాకయ్య పరుగెత్తి డబ్బా తాళం తెచ్చాడు. ఇత్తడి తాళం, గుండు కన్నా బరువు. "పోతె పోనియ్యి. ఫికర్ జెయ్యకు," అన్నాడు.

తాళం కొంకిలో దారం దూర్చి ముడేస్తుంటే రాజేశ్వరి నా పక్కన నిలబడి ఒక మాటంది. "మళ్ల కొరుకుతడు. ఆయినెకు నేను చెప్త. నువ్వు మాత్రం జర సక్కగ ఎయ్యి."

"చప్పుడుకు వినబడదు."

"మా ఇంట్ల మాత్రం ఏం వినబడ్తది?"

నిజమే. మగ్గాల చప్పుడులో మాటలు వినబడవు కాబట్టి మా ఇళ్ళలో సగం సంసారం చేతులతోనే నడుస్తుంది. ఆమె గడ్డ అంచుకు పోయి ఓణీ కొంగు గాలిలో ఊపింది. నర్సింగం ఇటు చూశాడు. ఆమె రెండు చేతులూ పైకెత్తి, బొటనవేళ్ళు చూపుడువేళ్ళు కలిపి నలిపింది. తెగిన పోగును అతికేటప్పుడు చేసే సైగ అది. కొరకొద్దు, అతుకు. మళ్ళీ చేసింది. మళ్ళీ మళ్ళీ చేసింది.

నీళ్ళు ఆయన పిక్కలకు వచ్చాయి.

నేను కర్రను వీపు వెనక దాకా వంచి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాను. తాళం బరువుకు దారం నా వేలిని కోసుకుంటూ పోయింది. నొప్పి తెలియలేదు. తాళం ఆయన తల మీదుగా పోయింది. అప్పుడు నా నోట్లోంచి, నన్ను అడగకుండానే, ఒక కేక వచ్చింది.

"మామా, పట్టుకో!"

సాంబయ్య తిరిగి నా మొహం చూశాడు. వాడలో కుర్రాళ్ళమంతా నర్సింగాన్ని కాకా అంటాం. కాకా అంటే ఆయన పిల్లలు మనకు అక్కాచెల్లెళ్ళు. మామా అన్నవాడి మనసులో ఏముందో మా దిక్కు చిన్నపిల్లలకు కూడా తెలుసు. రాజేశ్వరి ఎత్తిన చేతులు దించలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నర్సింగం దారం పట్టుకున్నాడు. నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. కూతురి చేతుల దిక్కు చూశాడు.

దించాడు. చేతికి చుట్టుకున్నాడు.

నేను రీలు నుంచి దారం కోసి వల తాడుకు కట్టబోతే వేళ్ళు నెత్తుటితో జారుతున్నాయి. రాజేశ్వరి లాక్కుంది.

"అది నూలు కాదు, నైలాన్. మన ముడి జారుతది," అన్నాను.

"ఎరుకె. రెండు సుట్లు ఎక్కువ ఏస్తాన," అంటూ ఉమ్మితో తడిపి బిగించింది.

దారం తెగకుండా లాగడం నర్సింగానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కొంచెం కొంచెంగా, నీళ్ళు ఊపిన చోట వదులుతూ, ఆగిన చోట లాగుతూ వల తాడును అందుకున్నాడు. తర్వాత మోకు. దాన్ని చంకల కిందుగా కట్టుకొని, దండం పెట్టి దూకాడు.

మనిషి మునిగిపోయాడు. పదిమందిమి మోకు పట్టుకున్నాం. రాజేశ్వరి నా ముందర పట్టుకుంది. తల కనబడలేదు. ఆమె "నాయినా" అని ఒక్కసారే అంది, చాలా మెల్లగా. ఆ మాట నాకు ఇప్పటికీ నిద్రలో వినబడుతుంది. ముప్పై గజాల దిగువన తల పైకి లేచింది. గుంజి గడ్డ మీద పడేశాం.

దగ్గాడు. నీళ్ళు కక్కాడు. యాకయ్య చాయ్ పోస్తే సగం తాగి, మిగతా సగం వణుకుతూ ఒలకబోసుకున్నాడు. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను. రాజేశ్వరి వచ్చి, ఓణీ కొంగు చింపి, నా చెయ్యి పట్టుకొని వేలికి కట్టడం మొదలుపెట్టింది. ఒడ్డున ముప్పై మంది ఉన్నారు.

నర్సింగం నా దిక్కు తిరిగాడు. "ఓ కైలాసం, తాళం ఇసిరినప్పుడు ఏందో ఒర్రినవ్. నీళ్ల చప్పుడుకు వినబడలే. ఏమన్నవ్?"

"కాకా, పట్టుకో అన్న."

"అబద్ధం నాయినా," అంది రాజేశ్వరి తల ఎత్తకుండా. "మామా అన్నడు."

నాకు ఆ కాలువలో దూకుదామనిపించింది. సాంబయ్య మోకు చుడుతూ, "నేను గూడ విన్న," అన్నాడు.

నర్సింగం కూతురి చేతిలో ఉన్న నా చెయ్యిని చూశాడు.

"చెయ్యి ఇడువు బిడ్డా. అందరు చూస్తాండ్రు."

"చూడనియ్యి. ఆయన అన్నది నాకు గూడ ఇష్టమే."

ఆమె నా వేలు వదల్లేదు. నర్సింగం చాయ్ గ్లాసు కింద పెట్టి, తడి మొహం రెండు చేతులతో తుడుచుకున్నాడు.

"ఏది, ఇంకోసారి అను," అన్నాడు నాతో. "ఈసారి నాకు వినబడేటట్టు."

అందరూ చూస్తున్నారు. రాజేశ్వరి కట్టు గట్టిగా బిగించింది.

"మామా," అన్నాను.