నానమ్మ బస్సెక్కింది

టీచరమ్మ పాలు పొయ్యి మీద పెట్టిందో లేదో, భోజనాల బల్ల దగ్గర్నుంచి కేక వినబడింది. "అమ్మా! నా కథ మీద ఎవరో కాగితం అతికించారు!"

కేక పెట్టింది ఆమె కూతురు పిడుగు. ఐదేళ్ల పిల్లకు ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు గానీ, పెట్టినవాళ్లు మనిషిని చూసే పెట్టారు. జుట్టు రేగిపోయి, పళ్లయినా తోముకోకుండా, బల్ల మీది పుస్తకాల గుట్టలోంచి తన పుస్తకం లాక్కుని నిలబడి ఉంది.

అవి కొట్లో దొరికే పుస్తకాలు కావు. టీచరమ్మ కిండర్‌గార్టెన్ పిల్లలకు చదువు చెబుతుంది. ఆ పిల్లలు ఇంకా అక్షరాలతో కుస్తీ పడుతున్నవాళ్లు, కానీ చెప్పడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకని వాళ్లు బొమ్మలు వేస్తూ కథ చెబుతుంటే, ఆమె పక్కన కూర్చుని బొమ్మ కింద చెప్పింది చెప్పినట్టు రాసింది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. "కుక్క పడుకుంది. ఇంకా పడుకునే ఉంది. అయిపోయింది" అని ఒక మహానుభావుడు చెబితే, అదే ఒక పుస్తకమయింది.

ఆ మధ్యాహ్నమే బడిలో పుస్తకాల వేడుక. దానికోసం వారం రోజులుగా ఇల్లంతా తలా ఒక చెయ్యి వేసింది. కళ్లద్దాల షాపు నడిపే ఆమె భర్త అట్టలు కత్తిరించి పెట్టాడు. అత్తగారు సూదీ దారంతో పుస్తకాలు కుట్టింది. హెడ్మాస్టరుగా రిటైరైన మామగారివి ముత్యాల్లాంటి అక్షరాలు. అట్టల మీద పేర్లు రాయమని ఆయనకిచ్చారు. అట్ట దాటి లోపలికి వెళ్లమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

టీచరమ్మ పుస్తకం అందుకుని చివరి పేజీ చూసింది. పిల్ల మాటల మీద తెల్ల కాగితం ముక్క నీటుగా అతికించి ఉంది. దాని మీద మామగారి దస్తూరీ.

"చదువమ్మా," అంది పిడుగు. "నాకు చదవడం రాదుగా, మోసం చేసేశారు."

టీచరమ్మ చదివింది. "సాయంత్రానికి నానమ్మ తన తప్పు తెలుసుకుని ఇంటికి తిరిగి వచ్చింది. అందరికీ కమ్మగా వండి పెట్టింది. నీతి: కుటుంబాన్ని విడిచి వెళ్లరాదు."

పిల్ల కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. కానీ ఏడవలేదు. నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఇది నా కథ కాదు. నా కథలో నానమ్మ రాలేదు."

నిజంగానే రాలేదు. పిడుగు చెప్పిన కథ బడిలో టీచరమ్మే రాసుకుంది కాబట్టి ఆమెకు కంఠతా వచ్చు. "మా నానమ్మ ఒకరోజు వంట చెయ్యలేదు. బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. తాతయ్య అన్నమేదీ అని అరిచాడు. గిన్నెలో ఏమీ లేదు. నానమ్మ సముద్రం దగ్గర దిగి చెప్పులు విప్పేసింది. ఇంక రాలేదు. అయిపోయింది."

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. టీచరమ్మ గబగబా వెళ్లి పొయ్యి ఆపి వచ్చేసరికి మామగారు స్నానం ముగించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లోకి వచ్చారు. ఆనాటి వేడుకకు ముఖ్య అతిథి ఆయనే. బడి ప్రిన్సిపాల్ ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న శిష్యురాలు. ఆయన పేరు చెబితే ఇప్పటికీ లేచి నిలబడే రకం.

"మామయ్యా, ఈ పేజీ మీరు మార్చారా?"

"మార్చడమేంటమ్మా, సరిచేశాను," అన్నారాయన, పిల్లల జవాబు పత్రాలు దిద్దినంత మామూలుగా. "మిగతావాళ్లవి ముట్టుకోలేదు. వాళ్ల కుక్కలూ డైనోసార్లూ వాళ్లిష్టం. ఇది మన ఇంటి విషయం కదా. అందరి ముందూ మైకులో నానమ్మ ఇల్లొదిలి పోయిందని చదివితే ఏమనుకుంటారు?"

"కథ అనుకుంటారు."

"కథలో తాతయ్య ఎవరో ఊరందరికీ తెలుసు."

ఈ మాటతో టీచరమ్మకు అసలు సంగతి అర్థమయింది. ఈ ఇంటికి వచ్చి ఎనిమిదేళ్లయినా ఆయనకు ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదని తనకు తాను సర్దిచెప్పుకునేది. ఇప్పుడు మాత్రం నోరు ఆగలేదు.

"నేను పిల్లలందరికీ మాటిచ్చాను మామయ్యా. మీరు చెప్పిందే రాస్తాను, మీ కథ మీద ఎవరి పెత్తనమూ ఉండదని. నా కూతురి కథ దగ్గరే ఆ మాట తప్పితే, రేపు ఆ పిల్లల మొహం ఎలా చూడను?"

"వాళ్లు ఐదేళ్ల పిల్లలమ్మా! వాళ్లకేం తెలుస్తుంది? మంచీ చెడూ మనమే కదా నేర్పాలి!"

"నాకు తెలిసింది కదా!" అంది పిడుగు, ఇద్దరి మధ్యలోంచి.

అప్పటికి పళ్లు తోముకుంటూ బ్రష్షు నోట్లో పెట్టుకుని పిల్ల తండ్రి వచ్చాడు. తండ్రినీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూశాడు. ఇలాంటప్పుడు అతనిది గోడమీద పిల్లి వాటం. బ్రష్షు తీసి, మెల్లగా అన్నాడు. "నాన్న చేసిన పని బాగోలేదు, నిజమే. కానీ అమ్మ సంగతి కూడా ఆలోచించు. తను ఇల్లొదిలి పోయినట్టు మనవరాలు రాస్తే అమ్మ ఎంత బాధపడుతుంది?"

"అదీ మాట!" అన్నారు హెడ్మాస్టరు గారు, వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు. "మీ అత్తగారి పరువు కోసమే నేను ఇంత తాపత్రయపడ్డాను. ఆవిడ మనసు నాకు తెలియదా? ఇన్నేళ్ల కాపురం! వినగానే కుప్పకూలిపోతుంది."

టీచరమ్మ ఒక్క క్షణం తడబడింది. అత్తగారంటే ఆమెకు ప్రాణం. నిజంగా ఆవిడ బాధపడితే? పిల్లకు ఇచ్చిన మాటా, పెద్దావిడ మనసూ, రెండూ నిలబెట్టే దారి ఆమెకు కనబడలేదు.

"చివరి మాట చెబుతున్నా," అన్నారు మామగారు. "ఆ పుస్తకం ఉన్నదున్నట్టు చదివిస్తే నేను రాను. ముఖ్య అతిథి లేకుండా మీ ప్రిన్సిపాల్‌కి ఏం జవాబు చెప్పుకుంటావో నువ్వే చూసుకో."

"రాకపోతే ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది మామయ్యా. ఈ పేజీ ఇలాగే ఉంటే పిల్ల రేపటి నుంచి కథ చెప్పడమే మానేస్తుంది. కుర్చీ ఖాళీగా ఉంటే నాకు ఫర్వాలేదు."

అప్పుడు బల్ల అవతలి చివర కుర్చీ కిర్రుమంది. పెద్దావిడ అప్పటిదాకా అక్కడే కూర్చుని, మిగిలిన ఆఖరి పుస్తకం కుడుతోంది. ఇంతసేపూ ఆవిడ మనసు గురించి ముగ్గురూ మాట్లాడారు, ఆవిడతో మాత్రం ఒక్కరూ మాట్లాడలేదు.

"ఏమండీ, నన్ను ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నా," అంది. "మీ వాదన ఇవాళ తెమిలేలా లేదు. బస్సెక్కింది నేను కదా? తిరిగి రావాలో వద్దో నేను చెబుతాను."

"నువ్వు ఊరుకో, నీకు తెలియదు," అన్నారు హెడ్మాస్టరు గారు అలవాటు కొద్దీ.

"నాకు తెలియనిదేముంది? ఈ పుస్తకం కుట్టేముందు పిల్ల చేత రెండుసార్లు చెప్పించుకున్నా. ఆ పేజీ నాకు ఎంతో నచ్చింది. చెప్పులు విప్పేశానట, ఇసకలో! ఈ ఇంట్లో నేను కాళ్లకు చెప్పులు వేసుకుని ఎక్కడికైనా వెళ్లిందెప్పుడు? ఆస్పత్రికీ, పెళ్లిళ్లకూ. పెళ్లిళ్లలో కూడా వంటగదిలోకే." ఆవిడ సూదిని కుడుతున్న పుస్తకానికే గుచ్చి పెట్టింది. "నా కోసం కిటికీ పక్క సీటు ఉంచింది ఈ పిల్ల ఒక్కతే. మీరొచ్చి నన్ను దింపేసి, నా చేత తప్పు ఒప్పించి, మళ్లీ గరిటె చేతికిచ్చారు. నేనేం తప్పు చేశానండీ?"

పెద్దావిడ కత్తెర తీసుకుని పిడుగు పుస్తకం కుట్టు టకటకా తెంపేసింది. అతికించిన కాగితం పీకితే బొమ్మ చిరుగుతుంది కనుక ఆ పేజీ మొత్తం తీసి పక్కన పెట్టింది. తెల్ల కాగితం ఒకటి మనవరాలి ముందుకు తోసింది.

"మళ్లీ వెయ్యవే తల్లీ. ఈసారి నా చీర ఎర్రగా వెయ్యి."

పిడుగు బోర్లా పడుకుని, నాలుక బయటపెట్టి, సముద్రం వేసింది. టీచరమ్మ పక్కన కూర్చుని, పిల్ల మళ్లీ చెబుతుంటే రాసింది. "ఇంక రాలేదు. అయిపోయింది." రాస్తుంటే కన్నీళ్లు ఆగలేదు. ఎనిమిదేళ్లుగా ఈ అత్తగారి చేతి వంట తింటూ, పిల్లల మనసు తెలుసుకోవడమే తన ఉద్యోగమని చెప్పుకుంటూ తిరిగింది తను. ఈవిడ మనసు తెలుసుకోవాలని ఒక్కసారీ తట్టలేదు. అది ఐదేళ్ల పిల్లకు తట్టింది.

హెడ్మాస్టరు గారు ఇస్త్రీ చొక్కా మీదే తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

మధ్యాహ్నం బడి హాలు కిటకిటలాడింది. గోడకు వరసగా దారాలు కట్టి పుస్తకాలు వేలాడదీశారు. పొట్టి బల్లలన్నీ ఒక మూలకు నెట్టి, ముందు ఒక పెద్ద చేతుల కుర్చీ వేశారు. అది రచయితల కుర్చీ. దాని పక్కనే ముఖ్య అతిథికి ఇంకొకటి. ప్రిన్సిపాల్ చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది. "మాస్టారు ఎందుకు రాలేదు? ముఖ్య అతిథి కుర్చీ ఖాళీగా ఉంటే బాగుంటుందా?"

"ఖాళీగా ఎందుకుండాలి?" అని పెద్దావిడ నేరుగా వెళ్లి అందులో కూర్చుంది. ఎర్రచీర కట్టుకుని వచ్చింది. ప్రిన్సిపాల్ ఏమనాలో తెలియక పూలగుత్తి ఆవిడ చేతిలోనే పెట్టేసింది.

టీచరమ్మ నిబంధన చెప్పింది. "చదవడం అయ్యాక రచయితని ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు. ప్రశ్నలే అడగాలి. సలహాలివ్వకూడదు."

కుక్క కథకు చప్పట్లు మోగాయి. "కుక్క ఎప్పుడు లేస్తుంది?" అని ఒక తల్లి అడిగితే, "అది దాని ఇష్టం," అన్నాడు రచయిత. తర్వాత పిడుగు రచయితల కుర్చీ ఎక్కింది. కాళ్లు గాల్లో ఊగుతున్నాయి. అక్షరాలు రాకపోయినా తన బొమ్మలు చూస్తూ, ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పేసింది. "ఇంక రాలేదు" దగ్గర కొందరు నవ్వారు. నవ్విన ఆడవాళ్లలో కొందరు వెంటనే నవ్వడం మానేసి కిటికీలోంచి బయటకు చూశారు.

"ప్రశ్నలున్నాయా?" అని అడిగింది టీచరమ్మ.

వెనక తలుపు దగ్గర ఒక చెయ్యి లేచింది. మామగారు. ఎప్పుడొచ్చారో, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. పొద్దుటి చొక్కాయే, నలిగిపోయి ఉంది. సలహా మొదలుపెడితే ఆయనైనా సరే ఆపాలని టీచరమ్మ మైకు గట్టిగా పట్టుకుంది.

"నాదొక ప్రశ్న," అన్నారాయన. గొంతులో హెడ్మాస్టరు లేడు. "ఆ నానమ్మ ఎందుకు తిరిగి రాలేదు?"

పిడుగు తాతయ్యను చూసింది. కోపం ఇంకా తగ్గలేదు గానీ, ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు చెప్పాలని దానికి తెలుసు.

"ఎవరూ రమ్మనలేదుగా. తాతయ్య అన్నమేదీ అని అరిచాడు. నానమ్మేదీ అని అడగలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. హెడ్మాస్టరు గారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకోవడం మర్చిపోయి, కుర్చీల మధ్య దారి వెతుక్కుంటూ ముందుకు వచ్చారు. ఆయన కుర్చీలో భార్య ఉంది. ఆవిడ లేవలేదు. టీచరమ్మ పరుగెత్తి పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీ ఒకటి తెచ్చి పక్కన వేసింది. ఆయన అందులోనే కూర్చున్నారు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఎంతోమంది విద్యార్థులను నిలబెట్టిన మనిషి అలా ఒదిగి కూర్చోవడం చూసి టీచరమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"నిజంగా వెళ్లాలని ఉందా?" అని మెల్లగా అడిగారు భార్యను.

"ఉంది."

"ఎప్పటినుంచి?"

"ఎప్పటినుంచో. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నా."

ఆయన తల వంచుకున్నారు. బుగ్గ మీదికి జారిన నీటిచుక్కను తుడుచుకోలేదు. "తప్పు నాదే. వెళ్లిరా. ఇంటి సంగతి నేను చూసుకుంటా."

"వెళ్తాను. ఎప్పుడొస్తానని మాత్రం అడగకండి."

"అడగను." పొట్టి కుర్చీలోనే ఆవిడ వైపు తిరిగారు. "తోడు రానా అని అడగొచ్చా?"

"అడగండి," అంది పెద్దావిడ, పూలగుత్తి ఒళ్లో సర్దుకుంటూ. "ఆలోచించి చెబుతాను."